హోల్డ్‌లో పెట్టిన పద్నాలుగు ప్రశ్నలు

చదివింది అక్క, పరీక్ష రాసింది అక్క, సర్టిఫికెట్ మీద పేరు అక్కది. పాఠాలు నోటికొచ్చింది మాత్రం నాకు. ఇది శుద్ధ అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. నా మానాన నేను మెషీను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ఉంటే, రౌటర్ ఏం చేస్తుందో, స్విచ్ ఏం చెయ్యదో నా బుర్రలోకి ఎక్కించిన పాపం పూర్తిగా ఆమెదే.

అక్కంటే నా తోబుట్టువు కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. వాళ్ళు పై వాటాలో ఉంటారు, మేం కింద ఉంటాం. మధ్యలో మెట్లు ఒకటే కావడం వల్ల కబుర్లూ ఒకటే, పోట్లాటలూ ఒకటే. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఒక పెద్ద హాస్పిటల్లో టెలిఫోన్ ఆపరేటరు. మెట్ల కింద కిటికీ లేని చిన్న గది, అందులో గోడకి ఆనించిన బోర్డు, దాని మీద రెండు వందల నలభై లైట్లు, చెవులకి హెడ్‌సెట్, ఎన్నిసార్లు బాగుచేయించినా కిర్రుమనే కుర్చీ. అక్కడి డాక్టర్లలో సగం మంది ఆమె మొహం చూడలేదు. కానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, అంతే. అందరికీ ఆమె బోర్డమ్మ.

వార్డులో నర్సు "హలో" అనగానే ఆ హలోని బట్టి డాక్టర్ని పిలవాలో, లిఫ్టు మనిషిని పిలవాలో అక్క పసిగట్టేస్తుంది. ఇంట్లో కూడా అంతే. నేను "అక్కా" అంటే చాలు, ఏ అబద్ధం చెప్పబోతున్నానో ఆమెకి తెలిసిపోతుంది. ఇలాంటి మనిషితో ఒకే మెట్లు పంచుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఒకరోజు హాస్పిటల్లో నోటీసు పెట్టారు. పాత బోర్డు తీసేస్తారట. కంప్యూటర్ తీగల మీద నడిచే కొత్త ఫోన్లు వస్తాయట, ఎవరికి వాళ్ళే నంబరు నొక్కుకోవచ్చట. ఆపరేటరు గది మూసేస్తారు. ఆరు నెలల్లో నెట్‌వర్కింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్ పరీక్ష ఎవరు సొంతంగా చదివి పాసైతే వాళ్ళకి నెట్‌వర్క్ సెక్షన్లో సీటు. కాకపోతే అడుగు అంతస్తులో దుప్పట్ల స్టోరు. ఉద్యోగం పోదు, జీతం తగ్గదు.

"హాయి కదా! కూర్చుని దుప్పట్లు మడతపెట్టుకోవచ్చు. ఎవరూ విసిగించరు" అన్నారు బావగారు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. రోజంతా డ్రైవర్లతో అరిచి అరిచి వస్తారు కాబట్టి, ఆయన దృష్టిలో నిశ్శబ్దమే స్వర్గం.

అక్క ఒంటికాలి మీద లేచింది. "దుప్పటికి హలో చెప్తే పలుకుతుందా? నాకింకా పన్నెండేళ్ళ సర్వీసుంది. పన్నెండేళ్ళు పలకని వాటితో ఉండమంటారా?"

తర్వాత అక్క కిందికి వచ్చి నా ఇస్త్రీ బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. "ఒక్కటే భయంగా ఉందే. నన్నెవరూ పిలవని గదిలో నేను బతకలేను" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు నాకు కొత్తగా వినబడింది. నాకు బెంగ పుట్టింది. బెంగ పుడితే నాకు కోపం వస్తుంది. అందుకని, "అయితే చదువు! చదవడానికేం రోగం?" అని కసిరాను. నేను చేసిన తప్పు అదే.

మర్నాడే పుస్తకం వచ్చింది. తలగడ ఎత్తు ఉంది. తెల్లవారి ఐదింటికి అక్క దాన్ని చంకలో పెట్టుకుని నా ముందు గదిలోకి దిగింది. పై వాటాలో లైటు వేస్తే బావగారి నిద్ర చెడుతుందట. నా నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. యూనిఫారాల సీజన్లో నేను ఐదింటికే మెషీను ఎక్కుతాను కాబట్టి, పుస్తకం నా పక్కన పెట్టి, "నువ్వు ప్రశ్నలు అడుగు, నేను చెప్తా" అంది. నేను ఒక చేత్తో గుడ్డ తోసుకుంటూ, ఒక కన్ను పుస్తకం మీద వేసి అడగడం మొదలుపెట్టాను. అలా అయిదు నెలలు నడిచింది.

మొదటి నెల ఒక్క ముక్క మింగుడుపడలేదు. అక్క ఎప్పుడో చరిత్రలో డిగ్రీ చేసింది. రాజుల పేర్లు వరసగా చెప్పగలదు గానీ, ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడాలంటే మాట ఏడు అంతస్తులు దిగి, అవతల మళ్ళీ ఏడు అంతస్తులు ఎక్కాలంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నేనైతే ఒక్క వైరు గుచ్చి కలిపేదాన్ని. దీనికింత హంగామా ఏమిటి?" అని పుస్తకంతోనే పోట్లాడింది. పుస్తకం ఏమీ అనలేదు కాబట్టి నాతో పోట్లాడింది.

తర్వాత ఆమెకి దారి దొరికింది. పాఠంలో వచ్చిన ప్రతిదాన్నీ ఎవరో ఒక మనిషికి తగిలించడం మొదలుపెట్టింది. నెట్‌వర్క్‌లో మాట పంపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అవతలివాళ్ళకి అందిందా లేదా అని అడిగి, అందిందని కబురు వచ్చేదాకా ఊరుకోనిది. రెండోది, చెప్పాల్సింది విసిరేసి తన దారిన తను పోయేది. "మొదటిది నేను, రెండోది మీ బావగారు" అంది అక్క. ఆ పూటే బావగారు మెట్లు దిగుతూ, "సాయంత్రం నీకంటే ముందే వస్తా, తాళం కింద ఇచ్చి వెళ్ళు" అని గాల్లోకి చెప్పి బయటికి నడిచారు. పైన వంటింట్లో ఉన్న అక్కకి అందలేదు. సాయంత్రం ఆయన తాళం వేసిన తలుపు ముందు గంటన్నర కూర్చున్నారు. ఆ ప్రశ్న మేం మళ్ళీ చదవాల్సిన అవసరం రాలేదు.

నంబర్ల దగ్గర మాత్రం తల ప్రాణం తోకకి వచ్చింది. నెట్‌వర్క్‌ని ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎన్ని అడ్రసులు పడతాయో లెక్కగట్టాలి. అక్క కూరగాయలు తరుగుతూ, "నూట ఇరవై ఎనిమిది, నూట తొంభై రెండు, రెండు వందల ఇరవై నాలుగు, రెండు వందల నలభై" అని వల్లె వేసేది. బావగారు రెండు రోజులు ఓపిక పట్టారు. మూడో రోజు, "నూట తొంభై రెండు మా డిపోలో లేదే. ఏ రూటు అది?" అన్నారు.

చివరికి వార్డులతోనే లొంగింది అది కూడా. ఒకనాడు అక్క చప్పున లేచి కూర్చుని, "అరవై నాలుగు నంబర్ల వార్డు అనుకో. మొదటి నంబరు వార్డుకే పేరుగా పోయింది. ఆఖరిది, వార్డులో అందరినీ ఒక్కసారే పిలవడానికి దాచారు. ఇక రోగులకి మిగిలేవి?" అంది.

"అరవై రెండు" అన్నాను నేను, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నిన్నెవరడిగారు? నన్ను చెప్పనీ" అని కస్సుమంది. అప్పటికి సగం జవాబులు నా నోట్లోంచి ముందుగా దూకుతున్నాయి. నేనేం చెయ్యను, రోజూ వింటున్నాను కదా.

మూడో నెలలో హాస్పిటల్ ఎలక్ట్రీషియన్ పాత సామాన్లలోంచి ఒక స్విచ్ పెట్టె ఇచ్చాడు. ఇంట్లో లైటు వేసే స్విచ్ కాదు, నెట్‌వర్క్ తీగలు గుచ్చే ఎనిమిది కన్నాల పెట్టె. అక్క దాన్ని నా ఇస్త్రీ బల్ల మీద పెట్టి, ఇంటి ఇంటర్నెట్ తీగ ఒక కన్నంలో గుచ్చింది. మిగిలిన తీగలు ఊరికే వేలాడుతుంటే చూడలేక, ఒక తీగ రెండు కొసలనీ ఆ పెట్టెలోనే రెండు కన్నాల్లో పెట్టింది. లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు మిణుకుమిణుకుమన్నాయి. అక్క మొహం వెలిగిపోయింది. ఆమె బోర్డు మీద లైటు మిణుకుమంటే ఎవరో పిలుస్తున్నట్టు. ఎన్ని మిణుకుమంటే అంత పని, అంత సందడి. "చూడు, చూడు! అందరూ మాట్లాడుతున్నారు!" అని నన్ను పిలిచి మరీ చూపించింది.

పైనుంచి కేక వినబడింది. "బంతి గాల్లో ఆగిపోయింది! ఎవరైనా దాన్ని కిందికి దింపండి!" బావగారు ఫోన్లో మ్యాచ్ చూస్తున్నారు.

ఏం జరిగిందో పుస్తకంలో వెతికి పట్టుకునేసరికి నలభై నిమిషాలు పట్టింది. తీగ రెండు కొసలూ ఒకే పెట్టెలో ఉంటే, లోపలికి వచ్చిన కబురు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఇంక దేనికీ చోటివ్వదు. అక్క తీగ పీకి, చాలా దిగులుగా, "అంటే వాళ్ళెవరూ ఏమీ మాట్లాడుకోలేదా?" అని అడిగింది.

"ఒకటే హలో, లక్షసార్లు" అన్నాను. ఆమెకి నవ్వు రాలేదు. నాకు మాత్రం వారం రోజులు వచ్చింది.

అయిదు నెలలు దాటిన వారానికి పరీక్ష. వంద ప్రశ్నలు, రెండు గంటలు. పరీక్ష కేంద్రంలో అడ్డగోడలు పెట్టిన బల్లలు, పైన కెమెరాలు. సంచీ, వాచీ, ఆఖరికి జేబులో రుమాలు కూడా బయట పెట్టెలో పెట్టించారు. రాసుకోవడానికి ఒక తెల్లటి ప్లాస్టిక్ అట్ట, ఒక మార్కరు ఇచ్చి లోపలికి పంపారు. బావగారు డిపోకి సెలవు పెట్టి వచ్చారు. నేనూ ఆయనా బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన అయిదు నిమిషాలకోసారి టైము చెబుతూనే ఉన్నారు, నేను అడక్కపోయినా.

అక్క బయటికి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెయ్యికి ఎనిమిది వందలు రావాలి. ఏడు వందల అరవై ఆరు వచ్చాయి.

నాకు నమ్మకం కుదరలేదు. "ఏ ప్రశ్నలు రాలేదు?" అని నిలదీశాను.

"అన్నీ వచ్చాయి. పద్నాలుగు హోల్డ్‌లో పెట్టాను" అంది.

అప్పుడు అర్థమైంది. ఆపరేటర్ల పనిలో మొదటి పాఠం అది. అయిదు లైట్లు ఒక్కసారి వెలిగితే తేలిగ్గా తెమిలేవి ముందు కలిపేసి, చిక్కు కాల్‌కి "లైన్లో ఉండండి" అని చెప్పి పక్కన పెట్టి, సావకాశంగా మళ్ళీ దాని దగ్గరికి రావాలి. ఇరవై రెండేళ్ళలో అక్క అలా పక్కన పెట్టి మరిచిపోయిన కాల్ ఒక్కటి కూడా లేదు. పరీక్షలోనూ అదే చేసింది. చిక్కు ప్రశ్న రాగానే దాని నంబరు అట్ట మీద రాసుకుని ముందుకి వెళ్ళింది. "జవాబు ఇవ్వలేదు, ముందుకి వెళ్ళాలా?" అని తెర ప్రతిసారీ అడిగిందట. పద్నాలుగు సార్లూ అవునని నొక్కిందట. ఒకసారి దాటిన ప్రశ్నకి తిరిగి రావడం కుదరదని మొదటి పేజీలోనే రాసి ఉంది. అక్క చదివింది కూడా. "అది ఓపిక లేనివాళ్ళకి రాశారనుకున్నా" అంది.

వందో ప్రశ్న అయ్యేసరికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలున్నాయి. ఇప్పుడు తీరిగ్గా ఒక్కొక్కళ్ళనీ చూద్దామని చేతులు తుడుచుకుని నొక్కింది. పరీక్షకి వచ్చినందుకు ధన్యవాదాలు అని తెర చెప్పింది. "పద్నాలుగు మంది లైన్లో ఉన్నారే. నేను వస్తానని చెప్పానే" అంటూ అక్క ఆ బెంచీ మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. బావగారు టైము చెప్పడం మానేసి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

మళ్ళీ రాయాలంటే పద్నాలుగు రోజులు ఆగాలి. హాస్పిటల్ గడువు ఇరవై ఒక్క రోజుల్లో ముగుస్తుంది. అంటే ఒక్క అవకాశం మిగిలింది. రెండు రోజులు అక్క పుస్తకం ముట్టుకోలేదు. దుప్పట్ల స్టోరుకి ఎండ తగులుతుందా అని ఎవరినో ఫోన్లో అడుగుతుంటే విన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. అయిదు నెలలు నా తెల్లవారుజాములు తగలేసి, ఇప్పుడు ఎండ గురించి అడుగుతుందా!

మూడో రోజు ఐదింటికి నేనే పైకి వెళ్ళి తలుపు బాదాను. బావగారి నిద్ర చెడితే చెడింది. అక్కని కిందికి లాక్కొచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టాను. మిగులు గుడ్డ పరిచి, దాని మీద సుద్దతో గీతలు గీసి, పెద్ద కత్తెర ఆమె చేతికిచ్చాను.

"నేను ప్రశ్న అడుగుతా. అరవై లెక్కపెడతా. ఆ లోపల జవాబు చెప్పి గీత మీద కొయ్యి."

"తెలియకపోతే?"

"ఏదో ఒకటి చెప్పి కొయ్యి. గుడ్డ మీద కత్తెర పడ్డాక వెనక్కి పోవడం ఉండదు. కస్టమరు ముందు నిలబడి, ఈ చెయ్యి సంగతి తర్వాత ఆలోచిస్తానంటే చొక్కా అవుతుందా?"

మొదటి రోజు ఆమె కత్తెర తెరిచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఉండవే, దాన్ని పక్కన పెట్టు, ఇంకోటి అడుగు" అని బతిమాలింది. నేను వినలేదు. కోసింది. వంకరగా కోసింది. నాలుగో రోజు కోస్తూ కోస్తూ ఆగి, "ఎవరినో లైన్లో వదిలేసి వెళ్ళిపోతున్నట్టుందే" అంది. నేను లెక్క ఆపలేదు. "యాభై ఎనిమిది, యాభై తొమ్మిది" అన్నాను. ఆమె కోసింది.

పద్నాలుగు రోజులయ్యేసరికి వీధి మొత్తానికి సరిపడా మసిగుడ్డలు తయారయ్యాయి. మా ఆయన రోజూ స్కూటరు తుడుచుకోవడానికి ఒక కొత్తది తీసుకెళ్ళేవాడు. అక్క చేతిలో కత్తెర మాత్రం గీత తప్పడం మానేసింది.

రెండోసారి తొమ్మిది ప్రశ్నలు గుడ్డిగా కొట్టి ముందుకు పోయిందట. ఎనిమిది వందల నలభై రెండు వచ్చాయి. ఆ సాయంత్రానికి డిపోలో ప్రతి డ్రైవరుకీ, కండక్టరుకీ ఆ అంకె తెలిసిపోయింది. బావగారు ఈసారి ప్రతివాడినీ ఆపి, విన్నావా లేదా అని అడిగి మరీ చెప్పారు. నేను చదివించానన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను.

నెట్‌వర్క్ సెక్షన్లో ఆమెకి కిటికీ పక్కన సీటు ఇచ్చారు. ఫోన్ల ఫిర్యాదులన్నీ మొదట ఆమె దగ్గరికే వస్తాయి. మొదటి రోజే ముప్పై ఏడు మంది పిలిచారట. కొత్త ఫోను పనిచెయ్యట్లేదని సగం మంది, పనిచేస్తోంది గానీ బోర్డమ్మ గొంతు వినబడట్లేదని సగం మంది. అక్క కళ్ళు మెరుస్తూ చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంక నా ఉదయాలు నావి అని కూడా అనుకున్నాను.

సెక్షన్ ఆఫీసరు వయసులో చిన్నది, మెత్తటి మనిషి. నాలుగో రోజు ఆవిడ అక్క బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పాత బోర్డు ఆపేయాలి. అప్పటికి వార్డులన్నీ కొత్త ఫోన్ల మీదికి వచ్చేస్తాయి. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే ఆపాలని రూలు. దాని గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మీరే చేస్తారా?" అని అడిగింది. అక్క చేస్తానంది. ఇంట్లో ఈ విషయం ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం నేను మెషీను మీద ఉన్నాను. మూడింటికి అయిదు నిమిషాలు ఉందనగా ఫోను మోగింది.

"నేనే. కింది గదిలో ఉన్నాను, బోర్డులోంచి చేస్తున్నా. ఇంకో అయిదు నిమిషాల్లో దీన్ని నేనే ఆపాలి" అంది అక్క.

"ఎవరైనా ఉన్నారా నీ దగ్గర?" అన్నాను.

"ఎవరూ లేరు. లైట్లు కూడా లేవు. అన్ని వార్డులూ వెళ్ళిపోయాయి. ఒక్కటే వెలుగుతోంది, నీదే." కుర్చీ కిర్రుమనడం వినబడింది. "ఇది కూడా పోతేనే మీట దించాలి. అది రూలు."

ఆమె ఊపిరి వినబడుతోంది.

"సరే మరి, పెట్టెయ్యి అక్కా. టైమవుతోంది."

"నేను పెట్టలేనే. అవతలివాళ్ళు పెట్టకుండా ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నేను ముందు పెట్టలేదు. అలా పెడితే ఎవరికి ఏమైందో మనకి తెలియదు కదా." ఆగి, చాలా మామూలుగా, "నువ్వు పెట్టవే" అంది.

నా నోరు మంచిది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఏదైనా అనేసి నవ్వించాలనుకున్నాను. చివరికి ఉంటానక్కా అని చెప్పి పెట్టేశాను.

కుడుతున్న చొక్కా కాలరు వంకరపోయింది. విప్పి మళ్ళీ మొదటినుంచి కుట్టాను.